ఆరెంజ్ సీసాలో కిరసనాయిలు

ఉతికిన బట్టలు తీగ మీద ఆరేసి అకేయో ఇంట్లోకి అడుగు పెట్టింది. కిరసనాయిలు వాసన గుప్పుమంది. నేల మీద ఆరెంజ్ డ్రింకు సీసా దొర్లుతోంది. మూత లేదు. పక్కన రెండేళ్ళ కవలలు ఒపియో, ఒదోంగో తడిసిన చొక్కాలతో కూర్చున్నారు.

ఒకడు దగ్గాడు. వాణ్ని చూసి రెండోవాడూ దగ్గాడు.

"ఈ మనిషికి ఎన్నిసార్లు మొత్తుకోను! కిరసనాయిలుకి దుకాణానికి డ్రింకు సీసా పట్టుకెళ్ళకయ్యా అని!"

ఆ మనిషి, మొగుడు ఒచోలా, పనిలో ఉన్నాడు. తిట్లు గోడకి తగిలాయి.

అత్త పాలగిన్నెతో పరుగెత్తుకొచ్చింది. "ఇవి పట్టి గొంతులో వేలు పెట్టు, కవలల తల్లీ! కక్కేస్తారు!"

"వద్దత్తయ్యా! కక్కితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. టీకాల రోజున నర్సమ్మ చెప్పింది."

"ఆవిడ ఎంతమందిని కందిట? నేను తొమ్మిదిమందిని పెంచాను!"

"పెంచారు. ముందు ఆ గిన్నె దించండి."

ఇద్దరి నోళ్ళూ వాసన చూసింది. ఒకటే కంపు. చొక్కాలు ఊడదీసి, ఒళ్ళు తుడిచి, సీసా సంచిలో వేసుకుంది. అద్దె మోటారు సైకిలెక్కారు. "కిసుము ఊళ్ళో గుంతలన్నీ నీకే కావాలా?" అని అత్త దారంతా నడిపేవాణ్ని సాధించింది.

"ఎవరు తాగారు?" ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది.

"తెలీదమ్మా. వీడు దగ్గితే వాడూ దగ్గుతాడు."

"అయితే ఇద్దర్నీ ఉంచుదాం."

రెండో గంటలో ఒదోంగో డొక్కలు ఎగరేయడం మొదలెట్టాడు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. ఈసారి ఒపియో తమ్ముణ్ని చూస్తూ కదలకుండా కూర్చున్నాడు. అత్త మనవడి అరికాళ్ళు రుద్దుతూ కూర్చుంది.

మూడో రోజు మధ్యాహ్నానికి ఊపిరి సర్దుకుంది. "కక్కించి ఉంటే ఇంకా ముదిరేది," అంది డాక్టరమ్మ. అత్త నేల చూపులు చూసింది.

ఇల్లు సర్దుతానని ఆసుపత్రి నుంచి ముందే వెళ్ళిన ఒచోలా, వీళ్ళు ఇంటికొచ్చేసరికి గుమ్మంలో ఎదురొచ్చాడు. చేతిలో ఆరెంజ్ డ్రింకు సీసా.

"దీపంలో చుక్క లేదుగా. కిరసనాయిలు తెచ్చా."

అత్త సీసా లాక్కుని మూత తీసి కొడుకు మూతి దగ్గర పెట్టింది.

"తాగరా."

"అమ్మా, కిరసనాయిలే!"

"పైన పండు బొమ్మ ఉందిగా. నీకే తెలిస్తే చాలా? నీ కొడుకులకి తెలియొద్దూ?"

ఒచోలా దుకాణం వైపు వెనుదిరిగాడు.

"బిర్రు మూత డబ్బా తే," అకేయో కేకేసింది. "పెద్ద మేకు కూడా. డబ్బా తగిలించడానికి నా తలకన్నా ఎత్తున కొడుదువుగాని!"