గోడ పక్క మల్లెదుబ్బు

తవిటయ్య ఇటుకకు అంటిన పాత సున్నం గోకి, గోనెపట్టా మీద పేర్చాడు. ఖరగ్‌పూర్ సౌత్‌సైడ్‌లో ఆర్థర్ దొర ఖాళీ చేసి పోయిన బంగళాను మూడు రోజులుగా కూలగొడుతున్నారు. ఎక్కడ బంగళా పడితే తవిటయ్య అక్కడుంటాడు. ఇటుకలు, పెంకులు, గులాబీ మొక్కలు, క్రోటన్లు ఏరి, తాల్‌బగీచాలో కొత్తగా ఇళ్లు కట్టుకున్నవాళ్ల తోటలకు చేరవేస్తాడు. అరచేతులు సున్నం తిని పగిలిపోయాయి. ఎప్పుడో ఇటుక పెళ్ల తగిలి ఎడమకంట్లో పువ్వేసింది. ఊరందరి తోటలూ పెంచాడు గానీ తన వాకిట్లో ఒక్క మొక్క లేదు. ఏం మనిషో!

ఇవాళ మాత్రం సొంత పనుంది. ఈ బంగళాలోనే అతను పదేళ్లు తోటమాలిగా చేశాడు. వెనకగోడ పక్కనున్న మల్లెదుబ్బు అతని పెళ్లాం అప్పలనర్సమ్మ పెట్టినది. ఇప్పుడామె గుండెజబ్బుతో మంచం పట్టింది. పొద్దున్న అతను బయల్దేరుతుంటే పిలిచింది.

"ఆ దుబ్బు తెచ్చీ మావా. ఈ ఏడు పువ్వు సూత్తానో లేదో."

"నోర్ముయ్యే! నువ్వు సూడక ఇంకెవులు సూత్తారు? తెత్తానన్నాను కదేటి."

వస్తూనే, వెనకగోడ ఎప్పుడని బీహారీ మేస్త్రీని అడిగాడు.

"భయ్యా, పీఛే కా దీవార్... కబ్?"

"కల్," అన్నాడు మేస్త్రీ, నోట్లో బీడీ తీయకుండానే.

తవిటయ్య హిందీలో క్రియలుండవు. ముప్పై ఏళ్లుగా అలాగే నెట్టుకొచ్చాడు. అతనితో మాట్లాడేవాళ్లూ అలాగే తెగ్గొట్టి చెబుతారు. హిందీలో నిన్నకీ రేపుకీ ఒకటే మాటని అతనికి తెలియదా? తెలుసు. కానీ గోడ కళ్లెదుట నిలబడే ఉంది కదా, రేపు పడగొడతారు కాబోలనుకున్నాడు. మేస్త్రీ చెప్పింది నిన్నటి సంగతి. అవతలివైపు నుంచి గోడ మొదలు నిన్ననే చెక్కేశారు.

మధ్యాహ్నం దుబ్బు చుట్టూ తవ్వాడు. వేళ్లు గోడ కిందికి పోయాయి. తొందరపడితే తెగుతాయి, తెగితే మొక్క బతకదు. మోకాళ్ల మీద కూర్చుని చేత్తోనే మట్టి తీశాడు. పెద్దవేరు కదిలింది.

"వచ్చినావే తల్లీ!" అన్నాడు సంబరంగా.

గోడ నెమ్మదిగా అతని మీదికి ఒరిగింది. మేస్త్రీ పరుగున వచ్చి ఇటుకలు తీసేసరికి ఊపిరి లేదు. పాపిష్టి గోడ, దుబ్బును కూడా నలిపేసింది.

సాయంత్రం కూలీలు అతన్ని ఇంటికి మోసుకొచ్చారు. అప్పలనర్సమ్మ మంచం మీద లేదు. గడపకు చేరగిలబడి ఆయాసపడుతోంది. చేతులనిండా మట్టి.

"తెచ్చినావా మావా?" అంది, వాళ్లు మోస్తున్నదేమిటో చూడకముందే.

వాకిట్లో ఆమె తవ్విన జానెడు గొయ్యి, అందులో ఇంకుతున్న నీళ్లు, పక్కన వంగిపోయిన అన్నం గరిటె.