ఆరు గీతల బండి

“ఇవాళ రెండే గీతలున్నాయేం?”

ఆమె ఇంకా బెల్టు కూడా విప్పలేదు. భర్త కిటికీలోంచి తల లోపలికి దూర్చి, స్టీరింగు వెనకాల వెలుగుతున్న బ్యాటరీ బొమ్మలో గీతలు లెక్కపెడుతున్నాడు. మొత్తం ఆరుండాలి. కారు ఇంటికొచ్చిన మొదటి వారం సంగతి ఇది. “పొద్దున నేను చూసినప్పుడు నాలుగున్నాయి. ఏసీ వేశావా, ఎడాపెడా తొక్కేశావా?” అన్నాడు. కోపంగా కాదు. కూర నోట్లో పెట్టుకుని ఉప్పు తగ్గిందన్నట్టు అన్నాడు. అతను ఏదీ కోపంగా అనడు. అందుకే తిరిగి ఏమనాలో ఆమెకి పదహారేళ్లుగా తోచలేదు.

పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ కలిపి నడిచే బండి అది. ప్లగ్గు పెట్టి చార్జింగు చేసే పని లేదు. బ్రేకు వేసినప్పుడూ, పల్లం దిగేటప్పుడూ బ్యాటరీ దానంతటదే నిండుతుందని అమ్మినవాడు చెప్పాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని భర్త ఒక సూత్రం కట్టేశాడు. బాగా నడిపినవాళ్లు గీతలు నింపుకుని ఇంటికొస్తారు, చేతకానివాళ్లు ఖాళీ చేసుకొస్తారు. అతని ఆఫీసు రెండు వీధుల అవతలే, నడిచి వెళ్తాడు. ఆదివారం మాత్రం కారు అతనిది. మిగతా రోజులు ఆమె ఆసుపత్రికి వేసుకెళ్తుంది. అక్కడ రక్తపరీక్షల గదిలో పని.

పల్లం సంగతి ఆమె పదో రోజు కనిపెట్టింది. ఇళ్ల వెనక గుట్ట మీద నీళ్ల ట్యాంకు ఉంది, దానికో సన్న రోడ్డు. పైకెక్కేటప్పుడు ఇంజను గుర్రుమంటూ పెట్రోలు తాగుతుంది. కిందికి బ్రేకు మీద కాలు ఆనించి మెల్లగా దిగితే ఒక గీత చేరుతుంది. రెండుసార్లు ఎక్కి దిగితే నాలుగో అయిదో అవుతాయి. అప్పటినుంచీ రోజూ సాయంత్రం పని ముగించుకుని వచ్చి, గుట్ట ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి, దిగి, అప్పుడు ఇంటికెళ్లడం అలవాటైంది. ఇరవై నిమిషాలు ఆలస్యం. “ఆసుపత్రి ఏమన్నా రోజురోజుకీ దూరం జరుగుతోందా అమ్మా?” అనేది అత్తగారు, నానబెట్టిన బియ్యం గిన్నె వైపు చూస్తూ. ఓసారి కారు చప్పుడు లేకుండా వాకిట్లోకి రావడం చూసి, “బండీ నోరెత్తదు, నువ్వూ నోరెత్తవు. సరిగ్గా కుదిరారు ఇద్దరూ” అని నవ్వింది. ఆమె కూడా నవ్వేసి చేతులు కడుక్కుని పొయ్యి వెలిగించింది. గీతలు అయిదున్నాయి. భర్త చూసి ఏమీ అనలేదు. అతను ఏమీ అనకపోవడమే ఆమెకి మెచ్చుకోలు.

స్టీరింగు సంగతి వేరే. పెద్ద రోడ్డు మీద వేగం పెరిగితే అది చేతిలో ఉన్నట్టుండి పక్కకి గుంజుతుంది, ఎవరో పక్కన కూర్చుని చెయ్యి వేసినట్టు. ఆ మాట భర్తతో అంది. ఆదివారం అతను నడిపి చూశాడు. అంగడి వీధిలోనూ, బడి వెనక సందులోనూ రెండు చుట్లు కొట్టి వచ్చి, “నా చేతిలో బుద్ధిగానే ఉందే” అన్నాడు. ఆమె ఇంకో సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. పెద్ద రోడ్డు మీద రెండు చేతులతో, వేలి కణుపులు తెల్లబడేలా స్టీరింగుని బిగించి, ఇసుమంతైనా కదపకుండా కూర్చుంటే, కారు కీచుమని అరిచి, స్టీరింగు మీద చేతులు పెట్టండి అని అక్షరాలు చూపిస్తుంది. చేతులు పెట్టే ఉన్నాయి. ఉన్న చేతుల్ని లేవనే బండిని గురించి ఏమని చెప్పడం? చెబితే, నీకే ఏదో అయిందంటారు.

అసలు భయం అది కూడా కాదు. పెద్ద రోడ్డు మీద నలభై కిలోమీటర్ల అవతల ఆసుపత్రివాళ్లు కొత్త భవనం కట్టారు. అక్కడి పరీక్షల గది మొత్తం ఆమెని చూసుకోమని పెద్ద డాక్టరమ్మ అడిగింది. శుక్రవారం సాయంత్రంలోపు ఏదో ఒకటి చెప్పమంది. పాత ఆసుపత్రికి బస్సుంది, కొత్తదానికి లేదు. కారు ఉంటేనే ఆ పని. ఆ మాట ఇంట్లో అంటే, “నేను కాదన్నానా?” అన్నాడు భర్త. “నువ్వే బండి పక్కకి గుంజుతోంది అంటున్నావు. ఇంకొక్కసారి ఆ మాట అన్నావంటే తాళం తీసి బీరువాలో పెట్టేస్తాను, హాయిగా బస్సులో పోదువుగాని. నీ మంచికే.”

ఇవాళే శుక్రవారం.

గుట్ట మీద మూడోసారి బండి తిప్పుతుంటే ట్యాంకు దగ్గర పంపు ఆపరేటరు చెయ్యి అడ్డం పెట్టాడు. నెరిసిన మీసం, భుజాన తడి తువ్వాలు. ఆమె అద్దం దించింది.

“ఏమన్నా పారేసుకున్నారా అమ్మా? రోజూ చూస్తున్నాను. ఎక్కుతారు, దిగుతారు. ఇవాళ మూడోసారి.”

“ఏం లేదండీ. బ్యాటరీ గీతలు నిండాలి.”

“నిండితే?”

ఆమె గీతల వైపు చూసింది. నిండితే ఏమవుతుందో నిజంగానే తెలియదు. నిండకపోతే ఏమవుతుందో మాత్రం తెలుసు.

“మీ బండి సంగతి నాకేం తెలుసు గానీ, నా ట్యాంకు ఎప్పుడూ అంచుదాకా నింపను” అన్నాడతను. “నిండా ఉంచితే వచ్చే నీళ్లకి చోటేది? పొర్లి గుట్టంతా పాడవుతుంది. కొంచెం వెలితి ఉంచుకోవాలి.” పంపు ఆగిన చప్పుడు విని వెనక్కి నడిచాడు.

ఆమె కారుని ట్యాంకు నీడలో ఆపింది. ముందు అరలో బండితో వచ్చిన పుస్తకం ఉంది, ప్లాస్టిక్ కవరులోంచి బయటికే రాలేదు. “చింపకు, మెకానిక్కులకి అది, నీకు తల నొప్పి” అని భర్త మొదటి రోజే చెప్పాడు. పరీక్షల గదిలోకి ఏ కొత్త మిషను వచ్చినా ముందు దాని పుస్తకం చదివేది ఆమె ఒక్కతే. ఎర్ర లైటు ఎందుకు వెలిగిందో డాక్టర్లు కూడా ఆమెనే అడుగుతారు. అలాంటిది రెండు నెలలుగా ఈ పుస్తకం మోకాలికి జానెడు దూరంలో ఉంటే ముట్టుకోలేదు. ఎవరో వద్దన్నందుకు కాదు. ఇంటికి సంబంధించినదేదీ తను చదివి తెలుసుకునేది కాదనీ, చెప్పించుకునేదనీ ఎప్పుడో ఒప్పేసుకుంది. కవరు పళ్లతో చింపింది.

ఉన్న సంగతి అందులో సూటిగా రాసి ఉంది. గీతలు ఎక్కుతూ దిగుతూ ఉండటం మామూలే, ఎంత ఉంచుకోవాలో బండే చూసుకుంటుంది, నడిపేవాళ్లు నింపనక్కర్లేదు. నిండుగా ఉంటే బ్రేకు నుంచి వచ్చే శక్తిని తీసుకోవడానికి చోటుండదు. స్టీరింగు పేజీ తిప్పింది. వేగం అరవై దాటాక, రోడ్డు మీది తెల్లగీత దగ్గరైతే బండి తనే స్టీరింగు చక్రాన్ని సర్దుతుంది. సందుల్లో ఆ పని చెయ్యదు. వద్దనుకుంటే స్టీరింగు ఎడమ పక్కనున్న బొత్తాం నొక్కి ఆపుకోవచ్చు. దాని కింద ఒక్క వాక్యం. చేతులు ఉన్నా, చక్రాన్ని కొంచెమైనా కదపకపోతే, ఎవరూ లేరని బండి అనుకోవచ్చు.

ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. మూడోసారి చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి.

గుట్ట దిగి ఇంటివైపు తిరగకుండా పెద్ద రోడ్డెక్కింది. డెబ్బై. చక్రం గుంజింది, తను తనవైపు లాక్కుంది, అది వదిలేసింది. కీచుమంది, చేతులు పెట్టమంది. వెంట్రుకవాసి కుడికి కదిపింది. అక్షరాలు పోయాయి. బండి తిన్నగా పోతోంది. మొదటి మలుపు దగ్గర పక్కకి ఆపి డాక్టరమ్మకి ఫోను చేసింది. మాట్లాడింది ఒక్క నిమిషం కూడా లేదు.

ఇంటిముందు భర్త కాచుకుని ఉన్నాడు. తల లోపలికి దూర్చాడు.

“ఇవాళ రెండే గీతలున్నాయేం?”

పుస్తకం సంగతి, ట్యాంకు సంగతి, తెల్లగీతల సంగతి గొంతుదాకా వచ్చాయి. సంజాయిషీ చెప్పడం ఆమెకి బాగా అలవాటు.

“ఉన్నాయి” అంది.

అతను తర్వాతి మాట కోసం ఆగాడు. ఆమె బండి ఆపే బొత్తాం నొక్కింది. గీతలు, వాటితోపాటు అతని మొహం మీది వెలుతురు, ఆరిపోయాయి.

“సోమవారం నుంచి కొత్త భవనానికి వెళ్తున్నాను, ఏడింటికే బయల్దేరతాను. తాళం నా సంచిలో ఉంటుంది” అంది బెల్టు విప్పుతూ. “ఆదివారం కావాలంటే అడిగి తీసుకోండి.”