మరదలికి తొంభై ఎనిమిది

మరదలికి నూటికి తొంభై ఎనిమిది వచ్చిందని తెలిసిన రోజునుంచి గుంతల డాక్టరుకి అన్నం సయించడం లేదు.

అతను నిజం డాక్టరేమీ కాదు. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతూ, కాలేజీ ల్యాబులో రోడ్ల మీద పరిశోధన చేస్తున్నాడు. బస్సు ముందద్దానికి కెమెరా బిగించి, అది తీసిన ఫొటోల్లో సన్నటి పగులు ఎక్కడుందో ఏఐ చేత కనిపెట్టించాలి. పగులు వెంట్రుకంత ఉన్నప్పుడే పూడిస్తే గుంత పడదు. గుంత పడకపోతే రోడ్డంతా తవ్వి మళ్లీ కంకర, తారు పోయక్కర్లేదు. ఈ సంగతి ఎవరింటికెళ్లినా చెప్పి చంపుతాడు గనక చుట్టాలంతా కలిసి ఆ పేరు పెట్టారు.

మేనమామ కూతురు ఒక ఏడు చిన్నది. ఆమె నోరు మూసుకుని ఉండగా చూసినవాళ్లు లేరు కాబట్టి పిచ్చుక అంటారు. బావ ఉన్న ల్యాబే కావాలని వచ్చి చేరింది. ల్యాబు మేడం ఇద్దరికీ అవే ఫొటోలిచ్చి, చెరో ప్రోగ్రాం తయారు చేయమంది. డిపో మేనేజరు ఇస్తానన్నది ఒక్క బస్సే. ఎవరిది బాగుంటే వారిది ఎక్కుతుంది.

ఆ బస్సు కోసం అతను కళ్లు కాయలు కాసేలా ఫొటోల్లో పగుళ్ల చుట్టూ గళ్లు గీశాడు. తీరా అతని ప్రోగ్రాం నూటికి పట్టింది ఎనభై రెండు పగుళ్లే.

"పర్లేదులే బావా, పాసయ్యావుగా," అంది పిచ్చుక.

"నవ్వు నవ్వు. నీ టైమొచ్చింది," అన్నాడు అతను, నవ్వు మొహానికి పులుముకుని.

అసలు విషయమేమిటంటే, ఆ తొంభై ఎనిమిది ఉత్తుత్తిదని అతనికి తెలుసు. బస్సు నడుస్తూ తీసిన ఫొటోల్లో ఒకదానికీ పక్కదానికీ జానెడు తేడా కూడా ఉండదు. వాటిని పేకముక్కల్లా కలిపేసి, కొన్ని ఏఐకి నేర్పే పాఠానికీ కొన్ని దానికి పెట్టే పరీక్షకీ పంచితే ఒకే పగులు రెండుచోట్లా వస్తుంది. ఇంట్లో చేయించిన లెక్కే పరీక్షలో ఇస్తే ఎంత మొద్దబ్బాయికైనా ఫస్టు మార్కే. మొదట్లో అతనూ అలాగే పంచి ఎగిరి గంతేశాడు. తర్వాత తప్పు తెలిసి, పాఠానికి కొన్ని రోడ్లు, పరీక్షకి వేరే రోడ్లు అని విడగొట్టుకున్నాడు. ఎనభై రెండుకి పడ్డాడు.

పిచ్చుక ల్యాబులో చేరినప్పుడు ఇచ్చింది మాత్రం ఫొటోలు పంచే ఆ పాత ప్రోగ్రాం ముక్కే. చెబుదాంలే అనుకుంటూ ఉండగానే ఆమెకి తొంభై ఎనిమిది వచ్చింది. ఇంకేం చెబుతాడు? బస్సెక్కనీ, కొత్త రోడ్డు చూసి ఆ ప్రోగ్రాం నోరెళ్లబెట్టనీ, అందరిలో పరువు పోనీ అని గుట్టుగా కూర్చున్నాడు.

కూర్చోవడం అంత తేలికేం కాదు. క్యాంటీన్లో ఆమె మాటే. అమ్మ కూడా ఫోన్ చేసింది.

"అన్నయ్య కూతురికి తొంభై ఎనిమిదంటగా. నువ్వేం చేస్తున్నావురా అక్కడ, ఫ్యాను కింద కునుకా?"

"గుంతలు లెక్కపెడుతున్నానమ్మా."

"అది తొందరగా లెక్కపెట్టినట్టుందిరా."

డిపో మేనేజరు ల్యాబుకొచ్చిన రోజున పిచ్చుక తెరమీద అంతా చూపించింది. ఆయన తల ఊపుతూనే ఉన్నాడు.

"ఇంకేముంది, ఈ అమ్మాయిదే ఎక్కిద్దాం."

"అంతా మా బావ చలవే సార్," అంది పిచ్చుక. "ఫొటోలు పంచే ముక్క కూడా బావ ఇచ్చిందే."

"ఐతే గురువుని మించిన శిష్యురాలివన్నమాట."

ఆ మాటతో గుంతల డాక్టరుకి పుండు మీద కారం చల్లినట్టయింది. బస్సెక్కేదాకా ఆగుదామన్న పథకం గాలికి పోయింది.

"అది తప్పు," అన్నాడు లేచి. "ఆ తొంభై ఎనిమిది అబద్ధం."

పాఠంలోని పగులే పరీక్షలో ఎలా వచ్చిందో గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. మేడం అక్కడికక్కడే రోడ్ల వారీగా విడగొట్టి మళ్లీ నడిపించింది. పిచ్చుకది డెబ్బై తొమ్మిది. అతనికి ఏనుగెక్కినంత సంబరమైంది.

పిచ్చుక మొహంలో నవ్వు లేదు.

"ఎప్పుడు తెలిసింది బావా?"

"ఇప్పుడే. అంటే మొన్న."

"మొన్నంటే?"

"పోయిన నెల," అన్నాడు తేలు కుట్టిన దొంగలా.

మేనేజరు వాచీ చూసుకున్నాడు. "ఎనభై రెండేగా పెద్దది. అది ఎక్కిద్దాం మరి."

"అలాగే సార్," అంది మేడం. అతనివైపు తిరిగింది. "బస్సు నీదే. కానీ నీ ప్రోగ్రాం గీసిన ప్రతి గడీ ఈ అమ్మాయి చూసి సరేనంటేనే రోడ్లవాళ్లకి వెళ్తుంది."

"నేను చూసుకుంటాను కదా మేడం."

"నీకు తప్పు కనబడితే ఎన్నాళ్లకి చెబుతావో ఇప్పుడే విన్నాం."

బస్సు బయల్దేరిన పొద్దున డ్రైవరు తన వెనక సీటు పిచ్చుకకి ఇచ్చి, గుంతల డాక్టరుని వెనక చక్రం మీద సీటుకి పంపాడు. అక్కణ్నుంచి ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఎగిరెగిరి పడుతూ చూశాడు. మొదటి గడి ఒక కరెంటు తీగ నీడ మీద పడింది.

"బావా, నీడకి తారు పోయించమంటావా?" అని ముందు సీట్లో తన ల్యాప్‌టాప్ చూస్తూ కేకేసింది పిచ్చుక.

బస్సంతా నవ్వింది. అందరికంటే గట్టిగా డ్రైవరు.

"ఈ పిల్ల భలే పట్టిందండీ. ప్రోగ్రాం ఈ పిల్లదేనా?" అని ఎవరో అడిగారు.

"నాది," అన్నాడు గుంతల డాక్టరు. చక్రాల మోతలో అది ఎవరికీ వినిపించలేదు.