ముద్ర లేని తక్కెడ

నేను ఒక తక్కెడను. వ్యాపారంలోకి దిగిన నాడు నా చేతిలో ఉన్న పెట్టుబడి ముందు చెబుతాను: ఒక ఇనుప దండం, రెండు ఇత్తడి పళ్ళేలు, వాటిని మోసే గొలుసులు, నడినెత్తిన ఒక ముల్లు. అంతే. నాలుక లేదు, చదువు లేదు. ముల్లు నిటారుగా నిలబడితే లెక్క సరి, వాలితే లెక్క తప్పు. ఈ పాటి పెట్టుబడితోనే ఒకసారి ఊరు ఊరంతటికీ ఎదురు నిలబడ్డాను. గొప్పలు పోతోందనుకుంటే అనుకోండి. చివరిదాకా విని, అప్పుడు తూచండి.

విరిగిన బండి ఇరుసును కొలిమిలో పెట్టి సాగగొట్టి నా దండం చేసినవాడు ఒక కమ్మరి. నా మొదటి యజమాని చింతపండు వ్యాపారి. కొనేటప్పుడు ఆయన చిటికెన వేలు ఒక పళ్ళెం కింద ఉండేది, అమ్మేటప్పుడు రెండో పళ్ళెం కింద. శనివారం ఉపవాసం మాత్రం తప్పేవాడు కాదు. ఆయన పోయాక కొడుకులు ఆస్తి పంచుకున్నారు. నన్ను రెండు ముక్కలు చేయడం కుదరక ఒక మిర్చి దళారికి అమ్మేశారు. ఆ దళారి దివాలా తీశాక, నాగారంపేటలో కోర్టు ఎదురుగా ఉన్న బెల్లం దుకాణానికి వచ్చి చేరాను. అక్కడి దూలానికి నన్ను వేలాడదీసింది నరహరి సేటు.

సేటు ఏనాడూ నా పళ్ళెం కింద వేలు పెట్టలేదు. ధర్మాత్ముడని కాదు. వేలు పెడితే ఒక్క రోజు లాభం, పెట్టకపోతే రోజూ లాభం అన్నది ఆయన లెక్క. నాకు అలాంటి మనుషులే నచ్చుతారు. పుణ్యం కోసం నిజాయతీగా ఉండేవాడు పుణ్యం చాలనుకున్న రోజున మారిపోతాడు. లాభం చాలనుకున్న వ్యాపారిని నేనింతవరకు చూడలేదు.

తరువాత బ్యాటరీ కాంటా వచ్చింది. రోజువారీ బేరమంతా దానికి పోయింది. దానికి ఏటా సర్కారు ముద్ర వేయించేవారు. నాకు ముద్రలు ఆగిపోయాయి, అమ్మవారి మొక్కులు మాత్రం మిగిలాయి. మా వైపు సమ్మక్క సారలమ్మకు మొక్కుకున్నవాళ్ళు మనిషి ఎత్తు బెల్లం తూచి గద్దెల దగ్గర సమర్పిస్తారు. ఆ బెల్లాన్ని బెల్లమనరు, బంగారమంటారు. దాన్ని బ్యాటరీ కాంటా మీద తూస్తే జనం మనసు ఒప్పదు. మనిషి ఒక పక్క కూర్చోవాలి, బంగారం ఇంకో పక్క లేవాలి, అది కళ్ళారా చూడాలి. పసిపిల్ల మొక్కయితే మరో ఆచారం కూడా ఉంది. ఆ బంగారాన్ని పిల్ల పొత్తిగుడ్డలోనే కట్టాలి. గద్దె చేరేదాకా ఎక్కడా కింద పెట్టకుండా, పిల్లను ఎత్తుకున్నట్టే ఎత్తుకుపోవాలి.

స్వరూప వచ్చింది ఆ పనిమీదే. రెండు కాన్పులు పోయి, మూడో కాన్పులో ఆడపిల్ల నిలిచింది. బంగారం సమర్పించాకే పేరు పెడతానని మొక్కుకుందట. పిల్లకు ఆరో నెల. జాతర సంవత్సరం కాదు, అదను కాదు. ఊరి అంచు గుట్ట మీదున్న చిన్న గద్దెలకే చెల్లించేస్తానని బయలుదేరింది. వెంట ఆడబిడ్డ రజిత.

పాపను నా పళ్ళెంలో కూర్చోబెట్టారు. సేటు రెండో పళ్ళెంలో ఒక బెల్లం దిమ్మ పెట్టాడు. ముల్లు ఇంకా నిలబడలేదు. చిన్న ముద్ద ఒకటి దిమ్మ మీద పెట్టాడు. ముల్లు లేచి నిలబడింది. సరిగ్గా అప్పుడే పాప నా పళ్ళెం తడిపింది.

"అయ్యో, సేటూ..." అంది స్వరూప సిగ్గుపడుతూ.

"ఏం కాదు బిడ్డా. ఇత్తడి మంచిగ తళతళలాడతది," అన్నాడు సేటు.

పొడిగా ఉన్నది చిలకల బొమ్మల పొత్తిగుడ్డ ఒక్కటే, అది బంగారానికి కావాలి. అందుకని పాపను రజిత తన చున్నీలో చుట్టుకుంది.

"ఎండ గట్టిగున్నది వదినా. తడిసిన పిల్లను గుట్ట ఎక్కించుడెందుకు? ఇంటికి తీస్కపోత, నువ్వు అమ్మకు అప్పజెప్పి రా."

పాప రజిత చంకన ఇంటివైపు పోయింది. బంగారం స్వరూప చంకన గుట్టవైపు పోయింది. సేటు నన్ను కడిగి బోర్లించాడు. నేను చూసింది ఇంతే. ఇంతకు ఒక గింజ ఎక్కువ చెప్పను, తక్కువ చెప్పను.

సాయంత్రానికి పాప లేదు.

రజిత ఏం చెప్పిందంటే, వదినే పిల్లను గుట్టకు ఎత్తుకుపోయిందని, తనకు ఇవ్వనే లేదని. పోలీసులు పెట్రోలు బంకు కెమెరా తీశారు. అందులో స్వరూప చిలకల పొత్తిగుడ్డ మూటను చంకనెత్తుకొని పోతోంది. మూట కదలదు. పైన గుండ్రంగా తల లాంటిది ఒక పక్కకు వాలి ఉంది. వచ్చేటప్పుడు చేతులు ఖాళీ. బెల్లమని స్వరూప నెత్తీ నోరూ కొట్టుకుంది. గుట్ట మీద చూస్తే బెల్లం ముక్క లేదు. కోతులుండే చోట బెల్లం ఉంటుందా? గుట్ట కింద చెరువులో వలలు వేసి వెతికారు.

టీవీవాళ్ళు ఆ బొమ్మను రోజంతా తిప్పారు. "పసికందు తల ఎలా వాలిపోయిందో గమనించండి," అంటూ ఎర్రగీత గుండ్రంగా చుట్టారు. నా దుకాణం ముందు చాయ్ గ్లాసులతో నిలబడ్డవాళ్ళంతా గమనించారు. రెండు పోయి నిలిచింది ఆడపిల్లని చంపిందని ఒకడు, నరబలి అని ఇంకొకడు. స్వరూప ముఖం చూడగానే తనకు అనుమానం వచ్చిందని, ఆమెను ఎన్నడూ చూడని మూడోవాడు. నేను అన్నిరకాల సరుకూ తూచాను. ఊహను మాత్రం తూచలేకపోయాను. దానికి బరువుండదు. అందుకే ఒక్కొక్కడూ అంతంత మోయగలడు.

కానిస్టేబులు మా దుకాణానికి కూడా వచ్చి స్వరూప ఫోటో చూపించాడు. "ఆ దినం ఈమె నీ దగ్గర బెల్లం తూపిచ్చిందా సేటూ?"

గ్లాసులు పట్టుకున్నవాళ్ళంతా సేటు ముఖం చూశారు. ఆయన లోపల ముల్లు ఊగడం నాకు కనిపించింది. ఒక పళ్ళెంలో ఊరు, ఒక పళ్ళెంలో ఒక ఆడమనిషి.

"రోజుకెందరో వస్తరు. యాదికి లేదు," అన్నాడు.

స్వరూపను జైల్లో పెట్టారు. వకీళ్ళ సంఘం తీర్మానం చేసింది, ఆమె తరఫున ఎవరూ వకాల్తా వేయకూడదని. ఒక్కరు వేశారు. గుండేటి సుభాషిణి. యాభై దాటిన మనిషి, నల్లకోటు మోచేతుల దగ్గర తెల్లబడింది, పాత స్కూటరు. ఆ రోజునుంచి చాయ్ గ్లాసుల లెక్క మారింది. వకీలమ్మకు ఎంత ముట్టిందని ఒకరు, పిల్లల్లేని మనిషికి పిల్ల విలువేం తెలుసని ఒకరు. ఇంటి బోర్డుకు చెప్పుల దండ వేశారు. స్కూటరు అద్దం పగలగొట్టారు. ఆమె మరునాడు ఒకే అద్దంతో వచ్చి, స్కూటరును సరిగ్గా మా దుకాణం ముందు ఆపింది.

"అమ్మా, అసొంటిదానికి ఎట్ల వాదిస్తరు? మీకు రాత్రి నిద్ర పడతదా?" అని అడిగాడొకడు.

"బానే పడతది. చెరువుల శవానికి వలేసేటోళ్ళే గానీ, బతికున్న పిల్లను ఎతికేటోడు ఒక్కడు లేడు. మీకెట్ల పడతది?"

"తప్పు చేసిందని అందరికీ తెలిసిందే కద."

"అందరికీ తెలిస్తే కోర్టెందుకు తమ్మీ? గా బిల్డింగు కిరాయికిద్దాం, ఫంక్షన్ హాలు నడుస్తది."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆమె లోపలికి వచ్చి సేటు ఎదుట స్టూలు మీద కూర్చుంది. దూలానికున్న నన్ను చూస్తూ అడిగింది. "ఇది ఎందుకు పెట్టుకున్నరు సేటూ?"

"మొక్కుల బంగారానికి."

"జైల్ల స్వరూప నాకొక మాట చెప్పింది. పాప తక్కెడ పళ్ళెం తడిపిందట. నిజమేనా?"

సేటు బెల్లం మీది ఈగలను తోలాడు. ఈగలు లేని చోట కూడా తోలాడు. "యాదికి లేదమ్మా," అన్నాడు మళ్ళీ. ఆమె ఒత్తిడి చేయలేదు. కిలో బెల్లం కొనుక్కొని వెళ్ళిపోయింది.

గల్లా పక్కన ఉన్న సులోచనమ్మ, సేటు భార్య, చింతపండు గింజలు తీస్తూ అంతా వింది. చేట పక్కన పెట్టింది. "నేనూ చూసిన పళ్ళెం కడుగుడు. మీరు ఏం మొక్కు తూసిన్రు ఆ దినం?"

"ఊకో. గిరాకీ పోతది."

"పోతే పోనీ. తూసింది అమ్మ బంగారం. తూయలేదని చెప్పినట్టయితే, అమ్మకు చెల్లిన మొక్కు చెల్లలేదన్నట్టే గద. ఆ మొక్కు మీ మీదకొస్తది. ఎవరి ఎత్తు తూసి చెల్లిస్తరు? పిల్లయితే లేదాయె."

మనుషుల కోపాన్ని సేటు లెక్క కట్టగలడు. అమ్మవారి పద్దు మాత్రం ఎన్నడూ బాకీ పెట్టుకోలేదు. మధ్యాహ్నం దాటాక నన్ను దూలం నుంచి దించి గొలుసులు చుట్టాడు. వకీలమ్మ ఇంటిదారి పట్టాడు.

గిరాకీ పోయింది, అది నిజం. సాక్ష్యం చెబుతున్నాడని తెలిసిన వారమే సగం ఊరు పక్క దుకాణానికి మళ్ళింది.

కోర్టు హాలు గోడ మీద కళ్ళకు గంతలు కట్టుకున్న ఒక అమ్మ బొమ్మ ఉంది, చేతిలో తక్కెడ. ఎన్నడూ ఒక గింజ తూచిన పళ్ళేలు కావవి. నన్ను మాత్రం జడ్జిగారి ముందు మూడు కాళ్ళ కర్ర స్టాండుకు వేలాడదీశారు.

సర్కారు వకీలు నా చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. "దీనికి ముద్ర ఉందా?"

"లేదు సార్," అన్నాడు సేటు.

"బిల్లు ఇచ్చావా?"

"అమ్మవారి బంగారానికి మా దిక్కు ఎవ్వరూ చీటీ రాయరు సార్."

"రోజుకు ఎందరో వస్తారన్నావు. ఈమె ఒక్కతే ఎట్లా గుర్తుంది? పోలీసులకు గుర్తులేదన్నావే?"

"పోలీసాయనకు అబద్ధం చెప్పిన సార్. గిరాకీ పోతదని. ఇప్పుడు ఎట్లైనా పోయింది." హాల్లో గుసగుసలు లేచాయి. సేటు ఆగి, నా ఎడమ పళ్ళెం చూపించాడు. "ఈ పళ్ళెం పిల్ల తడిపింది. నేను కడిగిన. గంత చిన్న పిల్లకు గంత నీళ్ళేడివని నవ్వుకున్న. అది ఎట్ల మర్చిపోత?"

అప్పుడు సుభాషిణి లేచింది. చిలకల బొమ్మలున్న అలాంటి గుడ్డే ఒకటి బల్ల మీద పరిచింది. "ఆ రోజు తూచినట్టే తూచి, కట్టినట్టే కట్టండి సేటూ."

సేటు దిమ్మ పెట్టాడు. దాని నెత్తిన, ముల్లు నిలబెట్టడానికి వేసే ఆ చిన్న ముద్ద పెట్టాడు. గుడ్డను చుట్టి ముడి వేశాడు. కోర్టు బంట్రోతు దాన్ని చంకనెత్తుకొని అటునుంచి ఇటు నడిచాడు. రెండు అడుగులకే చిన్న ముద్ద పక్కకు జారింది.

పసికందు తల వాలిపోయింది. టీవీలో వాలినట్టే.

ఊరంతా ఎర్రగీత చుట్టి చూసిన తలను నా పళ్ళెంలో పెట్టింది మా సేటే.

వెనక బెంచీ నుంచి ఏడుపు వినిపించింది. రజిత. "నాకే ఇచ్చింది సార్. నా చున్నీల చుట్టి తీస్కపోయిన. నీళ్ళ ట్యాంకరొచ్చిందని బిందె పట్కొని ఉరికిన. ఒచ్చేసరికి ఉయ్యాల ఖాళీ. మా అన్న చంపుతడని..." ఇంకా అడిగితే గుర్తు చేసుకొని చెప్పింది. ఆ పూట గల్లీలో పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఒక ఆడమనిషి తిరిగింది, ఆ తరువాత మళ్ళీ రాలేదు.

ఆ ఒక్క మాట ఎవరూ చెప్పక, వెతకాల్సిన చోట అంతవరకు ఎవరూ వెతకలేదు. కేసు మళ్ళీ తిరగదోడమని జడ్జిగారు ఆజ్ఞ వేశారు. వలలు ఎండబెట్టుకోవడానికి పోయాయి. పోలీసులు గిన్నెల మనిషి వెంట పడ్డారు. ఎండలు ముదిరేవేళకు ఆమె దొరికింది. ఆమె చేతులమీదుగా పాపను తీసుకున్న దంపతులు పక్క రాష్ట్రంలో దొరికారు. పిల్లలు లేని దంపతులు, పాపను బాగానే పెంచారు. స్వరూప జైలు నుంచి నేరుగా అక్కడికే పోయిందట. పాప ఆమెను గుర్తుపట్టలేదట. ఆ మాట చాయ్ గ్లాసులవాళ్ళే ఒకరికొకరు మెల్లగా చెప్పుకున్నారు. మిగతావేవీ చెప్పుకోలేదు. టీవీవాడు కొత్త ఊరికి కొత్త ఎర్రగీతతో పోయాడు.

నన్ను చాలాకాలం కోర్టు గోదాములో కత్తులు, సారా డబ్బాల మధ్య పడేశారు. నెంబరు చీటీ కట్టారు. కేసు కొట్టేశాక తిరిగిచ్చారు. సేటు కొడుకు పాత ఇనుముకు వేద్దామన్నాడు. ఒక చివర తుప్పు పట్టింది, నిజమే. కానీ ఆ వారంలోనే స్వరూప వచ్చింది. వెంట సుభాషిణి, ఒకే అద్దం స్కూటరుతో. రెండో అద్దం ఎందుకు వేయించలేదని ఎవరో అడిగితే, వెనక ఏం అంటున్నరో చూసుడు నాకు పని లేదు అంది.

"బ్యాటరీ కాంటా మీద తూద్దామా బిడ్డా?" అన్నాడు సేటు.

"ఒద్దు. దీని మీదనే," అంది స్వరూప.

నన్ను దూలానికి ఎక్కించారు. పాప పళ్ళెంలో కూర్చోదు, గొలుసు పట్టుకొని ఊగుతుంది. ముల్లు పిచ్చిదానిలా అటూ ఇటూ తిరిగింది. అందరూ నిలబడి చూశారు, చాయ్ గ్లాసులవాళ్ళు కూడా. సేటు దిమ్మ పెట్టాడు, చిన్న ముద్ద పెట్టాడు, నాటి సరుకు నాటిలాగే. పాప ఉన్న పళ్ళెం లేవలేదు. ఇంకో ముద్ద పెట్టాడు. ఇంకోటి.

ఇక నా లెక్క. పోయినవి: సేటుకు సగం గిరాకీ, సుభాషిణికి ఒక అద్దం, రజితకు పుట్టిల్లు, స్వరూపకు తన బిడ్డ మొదటి అడుగు. అవి ఏ పళ్ళెంలో పెట్టినా తిరిగి రావు, వస్తాయని బుకాయించను. వచ్చింది: అదే దిమ్మ, అదే చిన్న ముద్ద, వాటిమీద మరో నాలుగు ముద్దలు. ఆ నాలుగూ పరాయి ఇంటి పాలతో పెరిగిన బరువే, కానీ మా పిల్ల బరువు.

నాకు ముద్ర లేదు. ముల్లు నిటారుగా ఉంది. నమ్మకం కుదరనివాళ్ళు వచ్చి చూసుకోవచ్చు.