బారు వదిలిన గంగాధరం

రెండువేల పదిహేనులో ఒక శుక్రవారం ఒమన్లోని మబేలాలో తెలుగువాళ్ళ ప్రార్థన అయ్యాక, ప్రజలకు మేలు చేసిన ఒకరి జీవితం చెప్పే వంతు ఫేబాకు వచ్చింది. ఊళ్ళో తొమ్మిదో తరగతి ముగించి, నర్సుగా చేస్తున్న తల్లి దగ్గరికి వచ్చి నాలుగు నెలలే అయింది. నలుగురిలో నోరు విప్పడం ఇదే మొదలు. తలెత్తకుండా కాగితం చూసి చదివేసింది. కంగారులో ఒక వరస దాటిపోయింది. గంగాధరం గారు ప్లీడరని ఉన్నది ఆ వరసలోనే.

మిగిలింది ఇది. నూట ముప్పై ఏళ్ళ కిందట గంగాధరం గారు ఇరవై మూడో ఏట బారులో చేరారు. పదిహేనేళ్ళు బారులోనే పేరు తెచ్చుకున్నారు. మంచినీళ్ళకు పట్నం జనం పడే కష్టం చూసి బారు వదిలేశారు. మునిసిపల్ కౌన్సిల్లోకి వెళ్ళి ప్రజల కోసమే బతికారు.

"స్తోత్రం" అన్నారు వెనక ఎవరో. తర్వాత అందరూ అన్నారు.

ఇంతలో అమోసు లేచాడు. సైట్లో తాపీమేస్త్రీ. డ్యూటీ దిగాక ఏ హోటల్ బారులో తేలతాడో అందరికీ తెలుసు, ఆయాగా చేసే అతని భార్య కృపావతికి మరీ బాగా తెలుసు. పదిహేనేళ్ళ అలవాటు అంత పెద్దమనిషే వదిలితే తన ఏడేళ్ళదెంత, ఈరోజు నుంచి ముట్టనని తీర్మానం చెప్పాడు. కృపావతి కొంగుతో కళ్ళొత్తుకుంది.

అప్పుడు అర్థమైంది ఫేబాకు. ఆ బారు ప్లీడర్ల సంఘమని చెబితే అమోసు తీర్మానం నిలవదు. చెప్పకపోతే ప్రార్థనలో అబద్ధమాడినట్టు.

"పాపా, ఆయన మళ్ళీ ఎప్పుడన్నా బారుకెళ్ళాడా?" అన్నాడు అమోసు.

తను చూసి రాసుకున్న జీవితచరిత్ర పుస్తకంలో ఉన్నది ఆమెకు కంఠతా వచ్చు.

"వెళ్ళారండి అంకుల్. మొదటిసారి ఎన్నికల్లో ఓడిపోయాక రెండేళ్ళు వెళ్ళారు. గెలిచాక మళ్ళీ ఆ గడప తొక్కలేదు."

పాస్టరయ్యగారు గొంతు సవరించుకున్నారు. అమోసు, అంతటివాడికే రెండేళ్ళు పట్టిందంటే మామూలు మనిషి సంగతేమిటని మెల్లగా మొదలుపెట్టాడు. కృపావతి కొంగు దింపింది.

"నిన్నెవరూ ఎన్నికల్లో నిలబెట్టలేదు. నీకా రెండేళ్ళు లేవు. కూర్చో."

అమోసు కూర్చున్నాడు. ఆ మాట తనక్కూడా వర్తిస్తుందనుకుని ఫేబా కూడా కూర్చుంది.