ఏ రూపంలోనైనా

రద్దు చేశారంటే ఇంక లేదనా అండీ, ఉన్నా చెయ్యకూడదనా, అని నిన్న ఎనిమిదో తరగతి గీతాంజలి అడిగిన ప్రశ్న గ్రేస్‌తో పాటే ఏలూరులో బస్సెక్కింది, కొల్లేరు వంతెన దాటినా దిగలేదు, తను పదిహేనేళ్లుగా సోషల్ చెబుతోంది, రాజ్యాంగంలో పదిహేడో అధికరణ వచ్చినప్పుడల్లా అంటరానితనం రద్దు, దాన్ని ఏ రూపంలో పాటించినా నేరం అని బోర్డు మీద రాసి కింద గీత గీస్తుంది, ఇన్నేళ్లలో ఒక్క పిల్లా అడగలేదు, తనకీ తోచలేదు, ఏ రూపంలోనైనా అంటే ఎన్ని రూపాలో, అదిగో చేపల చెరువులో ఏరేటర్లు నీళ్లు చిమ్ముతున్నాయి, ఎండ అప్పుడే చురుక్కుమంటోంది, స్టీలు క్యారేజీ కూడా ఒక రూపమేనా, తొమ్మిదిమంది పిల్లలు తెస్తున్నారు ఇళ్ల నుంచి, జూన్‌లో బడిలో మధ్యాహ్న భోజనం వంటకి సుగుణ చేరాకే మొదలైంది, అంతకుముందు ఆ తొమ్మిదిమందే రెండోసారి సాంబారు అడిగినవాళ్లు, సుగుణది బడి ఉన్న ఊరి మాలపేట, తనది ఏలూరులో చర్చి వెనక పేట, రెండూ ఒకటేనని ఎవరూ చెప్పక్కర్లేదు, హెడ్మాస్టరు గంగాధరరావు గారు మెత్తటి మనిషి, రుచి బాగాలేదని తల్లిదండ్రులు రాసిచ్చారండీ, భోజనాల కమిటీలో మీరూ ఉన్నారు కదా, రేపు మధ్యాహ్నం ఒక్క సంతకం పెట్టేస్తే సుగుణని తీసేసి ఇంకెవరినైనా పెట్టుకుందామండీ, గొడవొదిలిపోద్ది అన్నారు నిన్న, మెత్తటివాళ్లకి ఎప్పుడూ గొడవ వదిలిపోవాలి, మనిషి పోయినా ఫరవాలేదు.

సంతకం పెట్టదు, అంతవరకూ తేలిపోయింది, కానీ వంట బాగుందని తనెలా చెబుతుంది, ఇక్కడే పట్టేసింది నిన్న గీతాంజలి, క్యారేజీలు ఎందుకు తెస్తున్నారే అని అడిగితే, మీరూ తెచ్చుకుంటారు కదండీ, మీ గ్లాసు కూడా మీరే తెచ్చుకుంటారు కదండీ అంది, పొగరు లేదు ఆ మాటలో, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది, గ్రేస్ వాళ్లమ్మ ఎలిజబెత్, ఆసుపత్రిలో ఆయాగా చేసిన రోజుల నుంచీ సంచిలో ఒక స్టీలు గ్లాసుండేది, మన గ్లాసు మన దగ్గరుంటే మనకి వేరే గ్లాసు ఎవరూ చూపించరమ్మా అనేది, దాన్ని గ్రేస్ పరువనుకుంది, శుభ్రమనుకుంది, ఇప్పుడు ఆ గ్లాసే తొమ్మిది ఇళ్లవాళ్లకి సాకైంది, టీచరుగారే తినడం లేదు మరి అంటున్నారట, దీపం కిందే చీకటంటే ఇదే కాబోలు, పైగా వడ్డించే ముందు టీచరు రుచి చూసి రిజిస్టరులో రాయాలి, మంగళవారాలు తన వంతు, ఇవాళా మంగళవారమే, ప్రతి మంగళవారం బాగుంది అని రాసింది, ఒక్కసారీ నోట పెట్టలేదు, సుగుణ కదా, బాగుందని రాస్తే సాయమనుకుంది, పాపం సుగుణ, గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి చూసేది, ఆ చూపు ఎందుకో ఇన్నాళ్లూ అడగలేదు, సిగ్గేసింది గ్రేస్‌కి, కిటికీ వైపు తిరిగింది.

మధ్యాహ్నం బడిలో భోజనాల గంట కొట్టారు, వరండాలో పిల్లలు వరసగా కూర్చున్నారు, గ్రేస్ క్యారేజీ స్టాఫ్ రూములోనే ఉండిపోయింది, గ్లాసూ అక్కడే, గీతాంజలి పక్కన చోటుంటే చతికిలబడింది, మోకాలు కలుక్కుమంది, టీచరుగారండీ మీకు వేరే ప్లేటు కడిగి తెస్తానండీ అని సుగుణ కంగారుగా వచ్చింది, ఆ వేరే అన్న మాట సుగుణ నోటా వచ్చిందే అనుకుంది గ్రేస్, వద్దమ్మా, పిల్లల ప్లేట్లోనే పెట్టు, గుడ్డు కూడా వెయ్యి, సుగుణ గరిటె నిండా పోసింది, సాంబారు ప్లేటు అంచు దాటింది, గీతాంజలి తన క్యారేజీ మూత మీద చెయ్యి పెట్టి తియ్యకుండా గ్రేస్ నోటి వైపే చూస్తోంది, ఎలా ఉందండీ అంది, ఉండవే, తిననీ, రద్దు అని కాగితం మీద ఎప్పుడో రాశారు, ఇక్కడ లేకుండా చెయ్యడం మాత్రం తన వంతు మంగళవారాల్లో ఉండిపోయింది, గ్రేస్ ఇంకో ముద్ద కలుపుకుంది, సాంబారులో ఉప్పు కొంచెం ఎక్కువైంది, అవును, అదే రాస్తుంది రిజిస్టరులో, తిన్నాను, ఉప్పు కొంచెం ఎక్కువైంది, దానికి రేపు ఉప్పు తగ్గిస్తే చాలు, మనిషిని తీసెయ్యక్కర్లేదు.