రెండో కుర్చీ

గ్రామసభ ఎప్పుడు జరిగినా మిలిటరీ వెంకటి రెండు కుర్చీలు తెచ్చుకునేవాడు. పాత మోపెడ్ వెనక రెండింటినీ తాడుతో బిగించి తెచ్చి, పంచాయతీ ఆఫీసు ముందు దింపి, ఎదురెదురుగా వేసి, ఒకదాంట్లో కూర్చునేవాడు. రెండోది సభ ముగిసేదాకా ఖాళీగానే ఉండేది. ముగిశాక రెండింటినీ మళ్లీ కట్టుకుని, ఎవరివైపూ చూడకుండా వెళ్లిపోయేవాడు.

ఆ ఖాళీ కుర్చీ ఎవరికోసమో అనిలకు తెలియాలి. కామారెడ్డిలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది గానీ, ఆ పిల్ల స్వభావం మాత్రం పలకాబలపం నాటి నుంచీ ఒక్కటే. తెలియని సంగతి ఒకటి చెవిలో పడితే అన్నం సయించదు. చిన్నప్పుడు గోడగడియారం ఎలా తిరుగుతుందో చూద్దామని విప్పి, మళ్లీ బిగించడం చేతగాక, ముక్కలన్నీ బియ్యం డబ్బాలో దాచిన ఘనత ఆమెది. ఆ పూట వండిన అన్నంలో తండ్రి గంగారాం పంటికింద పడింది రాయి కాదు, గడియారం చక్రం.

కుర్చీ సంగతి ఊళ్లో ఎవరిని అడిగినా ఒక కథ చెప్పేవారు. పోయిన భార్య కోసమని ఒకరు. బార్డర్లో కళ్లముందే ప్రాణం విడిచిన దోస్తు కోసమని ఇంకొకరు. కిరాణం సేటు మాత్రం పింఛను ఎక్కువైన వాళ్లకు అలాగే అవుతుందని తేల్చేశాడు. అనిల నాయనమ్మ రామవ్వ ఈ కథలేవీ నమ్మలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని వక్కపలుకు నోట్లో వేసుకుని ఊరుకుంది.

ఇన్ని నోళ్లు గాలించే బదులు ఆయన్నే అడిగితే పోయేది. చిక్కంతా అక్కడే ఉంది. వెంకటితో ఎవరూ మాట్లాడకూడదు.

అది ఊరి కమిటీ పెట్టిన కట్టుబాటు. కులానికొకరు చొప్పున కూర్చునే ఆ కమిటీని ప్రభుత్వం పెట్టలేదు, ప్రభుత్వం తీసేయనూ లేదు. గుడి పండుగ దగ్గర్నుంచి గట్టు తగాదా దాకా దాని మాటే మాట. ఊళ్లో మందు దుకాణం ఎవరు నడపాలో కూడా కమిటీయే ఏటా వేలం వేసేది. పోయిన ఏడు పాట పాడినవాడు దుకాణాన్ని తీసుకొచ్చి బస్సు షెల్టరు పక్కనే పెట్టాడు. ఇరవై ఏళ్లు సైన్యంలో చేసి హవల్దారుగా దిగి వచ్చిన వెంకటి, ఈ ఏడు వేలం మంచి ఊపులో ఉండగా లేచి నిలబడి ఒక్క ప్రశ్న అడిగాడు. షెల్టర్లో బస్సెక్కేవాళ్లు కూర్చోవాలా, తాగేవాళ్లు కూర్చోవాలా?

తిట్టలేదు, కొట్టలేదు. కానీ వేలం మధ్యలో ప్రశ్న అడగడం ఆ ఊరి చరిత్రలో లేదు. ఊరికి ఎదురు చెప్పినట్టేనని కమిటీ తేల్చింది. ఆయనతో మాట కలిపితే జుర్మానా అని చాటింపు వేయించింది. పాలు పోసేవాడు ఆగిపోయాడు, క్షవరం చేసేవాడూ ఆగిపోయాడు. వెంకటి పాల పాకెట్టుకూ గడ్డానికీ ఎల్లారెడ్డి వెళ్లి రావడం మొదలుపెట్టాడు. సభకు రెండు కుర్చీలు తేవడమూ అప్పటి నుంచే. ఇందులో అనిలకు గుచ్చుకునే సంగతి ఇంకొకటి ఉంది. ఆ కట్టుబాటు పెడదామని కమిటీలో ముందుగా నోరు తెరిచినవాడు ఆమె తండ్రి గంగారాం. వెంకటీ ఆయనా ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నవాళ్లు, ఒకే బావిలో ఈత నేర్చినవాళ్లు.

కాలేజీ పిల్లలు షెల్టరు వదిలేసి ఎండలో నిలబడి బస్సెక్కడం అలవాటు చేసుకున్నారు. అదీ ఎన్నాళ్లో సాగలేదు. ఒక సాయంత్రం అనిల బస్సు దిగగానే తాగినవాడొకడు చెయ్యి పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టబోయాడు. ఆమె విదిలించుకుని ఇంటికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. గంగారాం ఉన్నపళంగా వెళ్లి వాణ్ని రెండు తగిలించి వచ్చాడు. వచ్చి, కాళ్లు కడుక్కుంటూ, ఈ పరీక్షలు కాగానే కాలేజీ బంద్ అన్నాడు.

 దుకాణం జరిపిస్తే సరిపోతుంది కదా అని అనిల అడిగింది.

"వేలమైపోయింది బిడ్డా. పదిమందిల మాటిచ్చినం. దినాం నీ ఎంబడి నేను కావలుండాల్నా?"

తాను దగ్గరుండి పాడించిన వేలమే తన బిడ్డ చదువుకు అడ్డం పడిందని గంగారాంకు తెలియక కాదు. తెలిసింది కాబట్టే అంత కోపం. ఆ రోజు నుంచి తండ్రీకూతుళ్లు అన్నం దగ్గర ఉప్పూ పచ్చడీ తప్ప ఇంకో మాట మాట్లాడుకోలేదు.

ఇప్పుడు కుర్చీ సంగతి ఊసుపోక అడిగే ప్రశ్న కాకుండా పోయింది. ఊరంతటిలో ఆ షెల్టరు గురించి నోరు విప్పింది వెంకటి ఒక్కడే. ఆయన దేనికోసం ఎదురు చూస్తున్నాడో తెలిస్తే, తన చదువు నిలబడే దారేదైనా దొరుకుతుందేమోనని అనిలకు ఆశ పుట్టింది.

పంచాయతీ కార్యదర్శి బాలలక్ష్మిది భిక్నూర్. పొరుగూరి మనిషి, పైగా సర్కారు కొలువు, కట్టుబాటు ఆమెకు అంటదు. అనిల ఆమె దగ్గరికి వెళ్లి అడిగింది. ప్రతి సభలోనూ వెంకటి లేచి ఒకే వాక్యం ప్రతిపాదిస్తాడట. బస్సు షెల్టరు బస్సు కోసం వచ్చేవాళ్లదే అని. అంతే, దుకాణం మాట ఎత్తడు. కాగితం మీద ఆ దుకాణమే లేదు, లేనిదాన్ని జరపమని తీర్మానం ఎలా రాస్తారని బాలలక్ష్మి నవ్వింది. అయితే ఒకరు ప్రతిపాదిస్తే ఇంకొకరు బలపరచాలి. ఇప్పటిదాకా ఎవరూ బలపరచలేదు.

"గా కుర్చీ బలపరిచేటోళ్లకే అనుకుంటున్న. నీకు ఓటున్నది గదా?"

ఉంది. మొన్నటి సర్పంచి ఎన్నికల్లో మొదటిసారి వేసింది. వేలి మీది సిరాను వారం రోజులు తిప్పి తిప్పి చూసుకుంది. ఆ వేలితో ఇంకేం చేయొచ్చో అప్పుడు ఎవరూ చెప్పలేదు.

అనిల ఇంటికి వచ్చింది గానీ మనసు కుదుటపడలేదు. బలపరిచేవాళ్లకైతే కుర్చీ పక్కన వేయాలి కదా, ఎదురుగా ఎందుకు వేస్తాడు? ఈలోగా పరీక్షలూ అయిపోయాయి. రేపు సభ అనగా ఆ పిల్ల ఇక ఉండబట్టలేక ఎల్లారెడ్డి బస్సెక్కింది. కమిటీ చెయ్యి ఎంత పొడవైనా ఊరి పొలిమేర దాటదని ఆమె లెక్క.

వెంకటి బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ కనిపించాడు. నున్నగా గీసిన గడ్డం, పక్కన సంచిలో పాల పాకెట్టు. అనిలను చూడగానే గభాలున మొహం తిప్పుకున్నాడు. భయపడాల్సింది తానైతే ఆయనెందుకు భయపడుతున్నాడో ఆమెకు అర్థం కాలేదు. వెళ్లి ఎదురుగా నిలబడింది.

"నాతోని మాట్లాడకు బిడ్డా. తెలిసిందంటే మీ బాపే నీ మీద జుర్మానా వెయ్యాలె. గా పని వాని చేత చేపియ్యకు."

కట్టుబాటు పెట్టినవాడి పరువును కట్టుబాటులో ఉన్నవాడు కాపాడుతున్నాడు.  అయినా అనిల వచ్చిన పని మరిచిపోయే పిల్ల కాదు.

"ఒక్కటే అడుగుత పెద్దబాపు. గా రెండో కుర్చీ బలపరిచేటోళ్లకేనా?"

వెంకటి గ్లాసు కింద పెట్టి, మొదటిసారి ఆమెను సూటిగా చూశాడు. కళ్లలో నవ్వు మెదిలింది.

"అట్లయితే ఎదురుంగ ఎందుకేస్త?"

ప్రశ్నను ప్రశ్నగానే తిప్పి పంపి, సంచీ తీసుకుని వెళ్లిపోయాడు. తిరుగు బస్సులో అనిల కిటికీ పక్కన కూర్చుని దాన్నే నమిలింది. ఊరు వచ్చింది గానీ జవాబు రాలేదు.

మర్నాడు జనవరి ఇరవై ఆరు. జెండా ఎగరేశారు, పిల్లలకు బూందీ పంచారు, ఆ డేరా కిందే గ్రామసభ మొదలైంది. కొత్త సర్పంచి బల్ల వెనక కూర్చున్నాడు, బాలలక్ష్మి పక్కన నిలబడింది. కమిటీ వాళ్లు ఒక వరుసలో కూర్చున్నారు, వాళ్ల మధ్యలో గంగారాం. ఆడవాళ్ల వైపు రామవ్వ మోకాళ్లు పట్టుకుని కూర్చుంది. వెంకటి తన రెండు కుర్చీలూ వేసుకుని, తన వంతు రాగానే లేచి ఆ ఒక్క వాక్యమూ చెప్పి నిలబడ్డాడు.

ఎవరైనా బలపరుస్తారా అని బాలలక్ష్మి అడిగింది.  కమిటీ వాళ్లు ఎప్పటిలాగే చెప్పుల వంక చూసుకుంటున్నారు.

అనిల లేచింది.  తండ్రి వైపు చూస్తే మాట రాదని తెలిసి, చూడకుండానే చెయ్యెత్తింది.

"నేను బలపరుస్తున్న."

 అనిల మనుషుల మధ్య నుంచి దారి చేసుకుని ఖాళీ కుర్చీ దాకా నడిచింది. ఆ కుర్చీలో కూర్చోబోతుండగా వెంకటి దాని మీద అరచెయ్యి పెట్టాడు.

"ఇది నీది కాదు బిడ్డా."

కట్టుబాటు తెగిపోయిందన్న సంగతి కూడా ఎవరికీ తట్టలేదు. అందరి కళ్లూ ఆ చేతి మీదే ఉన్నాయి. మరి ఎవరిదని అనిల అడిగింది. ఆ క్షణంలో ఆమెకు సభా లేదు, తీర్మానమూ లేదు, ఆ ఒక్క సంగతి తెలిస్తే చాలు.

"బలపరిచేటోళ్లకు కుర్చీ ఎందుకు? నిలబడి చెయ్యి లేపితే అయిపాయె. కాదనేటోడు కూసోవాలె. కాదనుడు తొందరగ ఒడువది, శానసేపు పడ్తది."

ఆ మాట చెప్పేటప్పుడు వెంకటి ఎవరి వైపూ చూడలేదు. ఊరు మాత్రం చూసింది. ఒక్కొక్క తలే తిరిగి గంగారాం మీద ఆగింది.

కాదనేవాళ్లు ఉన్నారా అని బాలలక్ష్మి అడిగింది. అప్పుడు తెలిసింది కమిటీకి, తాము తవ్విన గోతిలో తామే పడ్డామని. కాదనాలంటే వెంకటికి ఎదురుగా నోరు విప్పాలి. నోరు విప్పితే కట్టుబాటు తప్పాలి. విప్పకపోతే తీర్మానం నెగ్గిపోతుంది. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి గంగారాం లేచి, వెంకటిని వదిలేసి, కార్యదర్శి వైపు తిరిగి, తనదొక మాట ఉందనీ, దాన్ని ఆయనకు చెప్పమనీ అన్నాడు. తాను తపాలా మోయడానికి రాలేదనీ, ఆయన అక్కడే ఉన్నాడు కదా అనీ బాలలక్ష్మి మెత్తగానే జవాబిచ్చింది. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు.

 గంగారాంకు ఒక పక్క బిడ్డ, ఒక పక్క కమిటీ, ముందు చిన్ననాటి స్నేహితుడు. ఏం చేసేవాడో గానీ, ఆడవాళ్ల వైపు నుంచి రామవ్వ గొంతు వినిపించింది.

"పోయి కూసోరాదుర కొడుకా. ఎంతసేపు నిలబడ్తవ్?"

తల్లి మాటకు కట్టుబాటు లేదు. గంగారాం నడిచి వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాడు. వెంకటీ కూర్చున్నాడు. ఇద్దరి మోకాళ్లూ దాదాపు తగులుతున్నాయి. గంగారామే ముందుగా మాట మొదలుపెట్టాడు.

"దుకాణం పైసలతోనే బడికి లెక్కల సారును పెట్టినం. అది జరిగితే గిరాకీ తగ్గుతది, సారు పోతడు. గా సంగతి నీకెరుకేనా?"

"ఎరుకలేదు. ఎవరన్న నాతోని మాట్లాడితెగద ఎరుకయ్యేది."

నవ్వడానికి సిద్ధంగా ఉన్న జనం నవ్వలేదు. గంగారాం తల దించుకున్నాడు. అనిలకు తన పదో తరగతి లెక్కల సారు గుర్తొచ్చాడు. తనను కాలేజీ దాకా పంపిన ఆ లెక్కలు, తనను షెల్టరు నుంచి తరిమిన ఆ సీసాలు, రెండూ ఒకే చోటి నుంచి వచ్చాయన్నమాట. ఇంతకాలం తండ్రిది ఉత్త మొండితనమే అనుకుంది. అది సగమే నిజమని తెలిసి ఆమెకు సిగ్గేసింది, వింతగానూ అనిపించింది.

వాదన బూందీ పళ్లెం ఖాళీ అయ్యేదాకా సాగింది. వెంకటి ఒకటంటే గంగారాం రెండన్నాడు. గొంతులు లేచాయి, తగ్గాయి. మధ్యలో ఈత నేర్చిన బావి ప్రస్తావన కూడా ఎందుకో వచ్చింది. ఆఖరికి బాలలక్ష్మి రాసుకుంది. షెల్టరు బస్సు కోసం వచ్చేవాళ్లదే. బడి సారు జీతం సంగతి పంచాయతీ చూడాలి, అది గంగారాం అడిగినది. కాగితం మీద లేని దుకాణం మాత్రం కాగితం మీదికి ఎక్కకుండానే, రైస్‌మిల్లు అవతలికి జరుగుతుందని కమిటీ వాళ్లు నోటిమాటగా ఒప్పుకున్నారు. ఎవరి మీద జుర్మానా వేయాలో తేలక ఆ ఊసే ఎత్తలేదు.

సభ ముగిసింది. వెంకటి ఒక కుర్చీని మోపెడ్‌కు కట్టి, రెండోదాని కోసం నిలబడ్డాడు. గంగారాం అందులోంచి లేవలేదు.

"నేనింకా పూరాగ ఒప్పుకోలే. నా మాట ఒడువలే."

"అయితే కుర్చీ నీ తాననే ఉండనియ్" అని వెంకటి బండి తీశాడు. గంగారాం దాన్ని భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. దారి పొడుగునా బిడ్డతో ఒక్క మాటా అనలేదు, అనిలా అడగలేదు. కాలేజీ ఉందో లేదో ఆమెకు తెలియదు. జీవితంలో మొదటిసారి ఒక ప్రశ్న అడగడానికి భయపడింది.

తెల్లవారి ఆమె పుస్తకాల సంచీ ముందు పెట్టుకుని గడప మీద కూర్చుని ఉంది. గంగారాం లోపలి నుంచి వచ్చాడు. స్నానం చేసి, ఉతికిన అంగీ తొడుక్కుని, ఆ కుర్చీని మళ్లీ భుజాన పెట్టుకున్నాడు. వెంకటి ఇంటి వైపు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి చూశాడు.

"ఇంకా కూసున్నవేంది బిడ్డా? బస్సు పోతది, ఉరుకు."